వంతగాడు లేని కథ

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న నా ఈడువాళ్ళలో చాలామందికి గెటో బాయ్స్ అనే పేరు తెలియకపోయినా వాళ్ళ పాట ఒకటి మాత్రం చెవిన పడే ఉంటుంది. 1999లో వచ్చిన ‘ఆఫీస్ స్పేస్’ సినిమాలో ముగ్గురు ఉద్యోగులు, రోజూ మొరాయించే ఆఫీసు ప్రింటర్‌ని ఊరవతల బీడులోకి తీసుకుపోయి బ్యాటుతో, బూటుకాళ్ళతో, చివరికి ఒకడు వట్టి పిడికిళ్ళతో తుక్కుతుక్కు చేస్తారు. వెనక మోగే పాట గెటో బాయ్స్‌ది, వాళ్ళ 1996 ఆల్బమ్‌లోది. అప్రైజల్ నెలల్లో ఆ క్లిప్పు వాట్సాప్‌లో తిరగని ఆఫీసు ఉందంటే నేను నమ్మను. నేనూ అట్లా నవ్వుకుంటూనే వీళ్ళ దగ్గరికి వచ్చాను. తర్వాత వరసపెట్టి వింటూ పోతే నవ్వు తగ్గింది.

హూస్టన్ నగరం నుంచి వచ్చిన ఈ ర్యాప్ బృందం గురించి మామూలుగా వినిపించే మాట ఒకటుంది: స్కార్‌ఫేస్ పెద్ద కవి, తక్కినవాళ్ళు అతని చుట్టూ నిలబడ్డవాళ్ళు. మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండో సగం దగ్గరే ఆగిపోతాను. ఇరవై ఏళ్ళలో ఈ బృందంలోకి వచ్చినవాళ్ళు, పోయినవాళ్ళు చాలామంది. ఎవరు పోయినప్పుడు పాట ఏమైంది అని చెవి పెట్టి వింటే నాకు తోచింది వేరు. తన చరణాలు చాలావరకు తాను రాసుకోని బుష్‌విక్ బిల్ పక్కకు తప్పుకున్నప్పుడే ఆ బృందం నిజంగా ఖాళీ అయింది.

ముందు లెక్క చెప్పుకోవాలి. హూస్టన్‌లో ఫిఫ్త్ వార్డ్ అనే నల్లవాళ్ళ పేట నుంచి వచ్చిన జేమ్స్ స్మిత్ పాత కార్ల వ్యాపారి. తర్వాత జె. ప్రిన్స్ అన్న పేరుతో ప్రసిద్ధుడయ్యాడు. 1986లో ‘ర్యాప్-ఎ-లాట్’ అనే లేబుల్ పెట్టి, దానికోసం ఒక బృందాన్ని కూర్చాడు. రహీం, జ్యూక్‌బాక్స్, సర్ ర్యాప్-ఎ-లాట్ అనే ముగ్గురు మొదటివాళ్ళు. వాళ్ళలో ఇద్దరు వెళ్ళిపోయాక ప్రిన్స్ జానీ సి, డీజే రెడీ రెడ్ చేరారు. వేదిక మీద డాన్సు చేయడానికి ‘లిటిల్ బిల్లీ’ అనే మరుగుజ్జు కుర్రాడు వచ్చాడు. ఎత్తు నాలుగడుగులు కూడా లేదు. అతనే తర్వాత బుష్‌విక్ బిల్. 1988లో ‘మేకింగ్ ట్రబుల్’ అనే మొదటి ఆల్బమ్ వచ్చింది. అది పెద్దగా నిలవలేదు. జ్యూక్‌బాక్స్, జానీ సి కూడా వెళ్ళిపోయారు. వాళ్ళ స్థానంలో విల్లీ డి, స్కార్‌ఫేస్ వచ్చారు. మూడేళ్ళు తిరగకముందే మొదటి ముగ్గురిలో ఒక్కరూ మిగల్లేదు. పేరు మాత్రం అదే. స్నేహితులు కలిసి పెట్టుకున్న బృందం కాదిది. యజమాని ఖాళీలు చూసి భర్తీ చేసిన బృందం.

మొదటి ఆల్బమ్ ఎందుకు నిలవలేదో వింటే తెలిసిపోతుంది. అది న్యూయార్క్ యాస. రన్-డీఎంసీ అప్పట్లో ఊపు మీద ఉన్నారు. వీళ్ళు వాళ్ళలాగే అరిచారు. అప్పటికి ర్యాప్ అంటే న్యూయార్క్, కాదంటే లాస్ ఏంజెలెస్. దక్షిణాది వాళ్ళు నోరు తెరిస్తే పల్లెటూరి మొద్దులనే లెక్క. ఇది సిద్దిపేటవాళ్ళకు వివరించి చెప్పనక్కర్లేదు. మా యాస సినిమాలో చాలాకాలం రౌడీకో, నవ్వించే పనిమనిషికో మాత్రమే దక్కింది. స్టేజీ ఎక్కితే మావాళ్ళు కూడా ‘వచ్చిన’ అనకుండా ‘వచ్చితిని’ దాకా పోయేవాళ్ళు. హూస్టన్ పిల్లలు చేసింది అదే. విల్లీ డి ఫిఫ్త్ వార్డ్ వాడు, గోల్డెన్ గ్లవ్స్ పోటీల్లో ఆడిన బాక్సర్. స్కార్‌ఫేస్, అసలు పేరు బ్రాడ్ జోర్డన్, హూస్టన్ దక్షిణపు పేటలో పెరిగాడు. ఈ ఇద్దరూ వచ్చాకే బృందం తన ఊరి నోటితో మాట్లాడింది. తమాషా ఏమిటంటే తక్కిన ఇద్దరూ ఉత్తరాది వాళ్ళు. రెడీ రెడ్‌ది న్యూజెర్సీ. బిల్ జమైకాలో పుట్టి బ్రూక్లిన్‌లో బుష్‌విక్ అనే పేటలో పెరిగాడు, పేరు అక్కడిదే. అమెరికా దక్షిణాది ర్యాప్‌కి మొదటి పెద్ద గొంతుగా చెప్పుకునే బృందంలో సగం మంది బయటివాళ్ళన్నమాట. యాస నేల నుంచి వస్తుందా, పక్కన నిలబడ్డవాడి నుంచి వస్తుందా అంటే నాకు రెండోదే ఎక్కువ నిజమనిపిస్తుంది.

1989లో వచ్చిన ‘గ్రిప్ ఇట్! ఆన్ దట్ అదర్ లెవెల్’ అసలు మొదలు. సంగీతం ప్రధానంగా రెడీ రెడ్ చేతిది. బరువైన డ్రమ్ములు, మధ్యలో సినిమా డైలాగుల ముక్కలు, కోసి అతికించిన పాత ఫంక్ రికార్డులు. అప్పటిదాకా ‘యాక్షన్’ అని పిలిపించుకున్న జోర్డన్‌కి స్కార్‌ఫేస్ అన్న పేరు ఆ ఆల్బమ్‌లోని పాట నుంచే వచ్చింది.

ఇక్కడే నాకు బుర్రకథ గుర్తొస్తుంది. మా దిక్కు ఒగ్గు కథే ఎక్కువ. బుర్రకథ నాకు స్కూలు వార్షికోత్సవాల్లో, ప్రభుత్వ ప్రచార కార్యక్రమాల్లో పరిచయం. అయినా దాని కూర్పు అందరికీ తెలిసిందే. నడుమ తంబురతో కథకుడు. పక్కన గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు రాజకీయ వంత, ఒకరు హాస్య వంత. కథ నడిపేది కథకుడు. రాజకీయ వంత ఊరి సంగతి, ప్రభుత్వం సంగతి ఎత్తుతాడు. హాస్య వంత కథకుణ్ణి అడ్డగించి, తెలియనట్టు ప్రశ్నలడిగి, జనం నవ్వుతుండగానే లోపలికి గుచ్చుతాడు. గెటో బాయ్స్‌లో ఈ మూడు పీటలూ ఉన్నాయి. స్కార్‌ఫేస్ కథకుడు. విల్లీ డి రాజకీయ వంత: పోలీసులు, జడ్జీలు, రేడియో స్టేషన్లు, ఎవరినీ వదలడు, గొంతులో ఎప్పుడూ మైకు ముందు నిలబడ్డ కోపం ఉంటుంది. బుష్‌విక్ బిల్ హాస్య వంత. మనిషి చిన్న, గొంతు కీచు, మాట్లాడేది మాత్రం అందరికన్నా భయంకరం. అతని పొట్టితనం మీదే ఆ ఆల్బమ్‌లో ఒక పాట ఉంది. అది రాసింది విల్లీ డి.

బిల్‌కి ఎవరో రాసి ఇచ్చారు కాబట్టి అతను కళాకారుడు కాదనేవాళ్ళు ర్యాప్‌లో ఎక్కువ. ఆ లోకంలో తన మాట తాను రాసుకోకపోవడం పెద్ద తప్పు. నాకా నియమం ఎప్పుడూ అర్థం కాలేదు. హాస్య వంత చెప్పే మాటలు ఎవరు రాశారని బుర్రకథ చూసేవాళ్ళు అడుగుతారా? మాట రాసినవాడు దాన్ని పలకలేకపోవచ్చు. స్కార్‌ఫేస్ గొంతు బరువుగా, నిదానంగా ఉంటుంది. వెటకారం ఆ గొంతులో ఇమడదు. బిల్ కోసం రాస్తున్నప్పుడు స్కార్‌ఫేస్‌కి తన నోటితో అనలేని మాటలు అనే వీలు దొరికింది.

1990లో రిక్ రూబిన్ వీళ్ళను తన లేబుల్‌లోకి తీసుకున్నాడు. డెఫ్ జామ్ స్థాపకుల్లో ఒకడు, అప్పటికే పెద్ద నిర్మాత. చాలావరకు పాత పాటలనే మళ్ళీ మెరుగుపెట్టి ‘ది గెటో బాయ్స్’ అనే ఆల్బమ్ చేశాడు. పంపిణీ చేయాల్సిన గెఫెన్ సంస్థ ఆ మాటలు విని మేం ముట్టుకోం అంది. వార్నర్ గొడుగు కింద విడుదల చేయాల్సి వచ్చింది. గెఫెన్‌ని తిట్టడం ర్యాప్ అభిమానులకు అలవాటు. నేను ఆ గుంపులో చేరలేను. ‘మైండ్ ఆఫ్ ఎ లూనటిక్’ అనే పాటలో ఒక స్త్రీ మీద జరిగే దారుణాన్ని వర్ణించిన తీరు నాకు మింగుడు పడదు. పాత్ర మాట్లాడుతోంది, కవి కాదు అన్న వాదన ఉంది. సరే, పాత్రే. కానీ ఆ పాటలో చచ్చేదాని వైపు నుంచి ఒక్క మాట కూడా ఉండదు. రెండుసార్లు పూర్తిగా విన్నాను, మూడోసారి వినను.

ఆ ఆల్బమ్ అట్ట చూడాలి. బీటిల్స్ ‘లెట్ ఇట్ బీ’ అట్టలాగా నాలుగు గళ్ళు, నాలుగు ముఖాలు. నాలుగో ముఖం రెడీ రెడ్‌ది. మరుసటి ఏడు వచ్చిన ‘వి కాంట్ బీ స్టాప్డ్’ అట్ట మీద ముగ్గురే ఉన్నారు. సంగీతం కట్టినవాడు డబ్బు దగ్గర తేడా వచ్చి వెళ్ళిపోయాడు. బృందం ఆగలేదు, యజమాని ఇంకొకరితో పని చేయించాడు. తర్వాతి రికార్డులు సాఫీగా ఉంటాయి, కానీ 1989 నాటి ఆ గరుకుతనం మళ్ళీ రాలేదు.

అయినా వాళ్ళ గొప్ప పాట ఆ 1991 ఆల్బమ్‌లోనే ఉంది. ‘మైండ్ ప్లేయింగ్ ట్రిక్స్ ఆన్ మీ’. బిల్‌బోర్డ్ హాట్ 100లో 23వ స్థానం దాకా వెళ్ళింది. దక్షిణాది నుంచి, అదీ ఇంత చీకటి పాట అక్కడిదాకా పోవడం అప్పటికి వింత. స్కార్‌ఫేస్ దీన్ని తన సొంత ఆల్బమ్ కోసం రాసుకున్నాడు. ఇది బృందానికి కావాలని ప్రిన్స్ పట్టుబట్టాడు. నాలుగు చరణాల్లో మూడు స్కార్‌ఫేస్ రాసినవే. విల్లీ డి తనది తాను రాసుకున్నాడు. వరస ఇది: స్కార్‌ఫేస్, విల్లీ డి, మళ్ళీ స్కార్‌ఫేస్, చివర బిల్. పాడే పల్లవి లేదు. చరణానికీ చరణానికీ మధ్య ఐజాక్ హేస్ 1974 నాటి పాట నుంచి తీసిన గిటార్ ముక్క ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఆ ముక్కలో తీపి ఉంది, అందుకే మాటలు ఇంకా భయపెడతాయి.

మొదటి చరణంలో నిద్రపట్టని మనిషి. నాలుగు గోడల మధ్య కూర్చుని, తనను ఎవరో గమనిస్తున్నారని వణుకుతాడు. విల్లీ డి చరణంలో వెంటాడుతున్నది ఎవరా అని చూస్తే ఏ అపాయమూ చేయలేని ముసలివాళ్ళు. మూడో చరణంలో కథకుడు చావు గురించి ఆలోచిస్తాడు, తనను వదిలిపోయిన మనిషి గురించి, కొడుకు గురించి. ఇక్కడే పాట ముగిసి ఉంటే మంచి విషాద గీతం అయ్యేది. నాలుగో చరణంలో బిల్ వస్తాడు. హాలోవీన్ రాత్రి చిన్నపిల్లల చేతుల్లోని మిఠాయి సంచులు లాక్కుంటున్నాడట. నవ్వొస్తుంది. ఎదురుగా ఎవరో ఆజానుబాహువు వస్తాడు. వాణ్ణి పడేసి గుద్దుతూనే ఉంటాడు. తీరా చూస్తే అక్కడ మనిషే లేడు. ఆ రోజు హాలోవీనే కాదు. గుద్దింది రోడ్డుని, రక్తం తన పిడికిళ్ళది.

హాస్య వంత పని ఇదే. మూడు చరణాలుగా బిగించిన భయాన్ని నవ్వుతో వదులు చేసి, మనం కాళ్ళు చాపుకుని కూర్చున్నాక నేల లాగేయడం. ఇదే చరణం స్కార్‌ఫేస్ గొంతులో ఊహించుకుని చూడండి. మొదటి వాక్యానికే ముగింపు తెలిసిపోతుంది. నాలుగడుగులు లేని మనిషి ఆజానుబాహువుతో తలపడటం అన్న బొమ్మ వల్లే అది పండింది. 1989 పాటలో పిచ్చివాడు లోకాన్ని భయపెట్టాడు. రెండేళ్ళు తిరిగేసరికి భయపడుతున్నది అతనే. ఒక మనిషి ఏకాంతాన్ని మూడు గొంతులకు పంచడం వల్ల అది జబ్బులాగా కాకుండా ఒక పేట మొత్తానికి పట్టిన గాలిలాగా వినిపిస్తుంది. స్కార్‌ఫేస్ దాన్ని తన దగ్గరే ఉంచుకుని ఉంటే మనకు మంచి సోలో పాట ఒకటి మిగిలేది, అంతే. ఈ ఒక్క విషయంలో యజమాని చెవికి దండం పెడతాను.

ఒక్క విషయంలోనే. ఆల్బమ్ విడుదలకు కొద్దిగా ముందు బిల్ తాగిన మైకంలో స్నేహితురాలితో గొడవపడ్డాడు. తుపాకి పేలి కన్ను పోయింది. ఆసుపత్రిలో అతన్ని స్ట్రెచర్ మీద కూర్చోబెట్టి, కంటి గాయం కనిపించేలా ఫొటో తీసి, దాన్నే అట్టగా వేశారు. చెరోపక్క విల్లీ డి, స్కార్‌ఫేస్. బిల్ చేతిలో సెల్‌ఫోన్. ర్యాప్ చరిత్రలో అంతగా గుర్తుండిపోయిన అట్టలు కొన్నే. ఆల్బమ్ పది లక్షల పైన అమ్ముడై ప్లాటినం అయింది. ఆ ఫొటో చూస్తే ఇప్పటికీ బాధ కలుగుతుందని బిల్ తర్వాత చెప్పుకున్నాడు. మరుసటి ఏడు తన సోలో ఆల్బమ్‌ ‘లిటిల్ బిగ్ మ్యాన్’లో ఆ రాత్రి కథను తన నోటితో చెప్పాడు. ‘ఎవర్ సో క్లియర్’ అని పాట పేరు. అందులో వెటకారం దాదాపు లేదు. నవ్వించేవాడి గొంతులో నవ్వు తీసేస్తే ఏం మిగులుతుందో వినాలంటే అది వినాలి.

పక్కకు తప్పుకోగానే బృందం ఖాళీ అయ్యేంత అవసరమైన మనిషి దేహాన్నే ఆ బృందం ఇట్లా వాడుకుంది. అవసరమైనవాడే కాబట్టి వాడుకుంది అనిపిస్తుంది.

1992లో విల్లీ డి వెళ్ళిపోయాడు. ఆ ఖాళీలోకి ప్రిన్స్ తన లేబుల్‌లోనే ఉన్న బిగ్ మైక్‌ను తెచ్చాడు. 1993లో ‘టిల్ డెత్ డు అస్ పార్ట్’ వచ్చింది. బిగ్ మైక్ పద్యం కట్టడంలో విల్లీ డి కన్నా నేర్పరి, లయ మీద నిలకడ ఎక్కువ. అతని మూలాలు న్యూ ఆర్లీన్స్‌లో ఉన్నాయి, ఆ సాగదీత వినసొంపుగా ఉంటుంది. అందుకే కొందరికి ఇదే మంచి ఆల్బమ్. నాకు మాత్రం ఇందులో ఇద్దరు కథకులు కనిపిస్తారు, రాజకీయ వంత కనిపించడు. ‘సిక్స్ ఫీట్ డీప్’లో చచ్చిపోయిన స్నేహితుల కోసం ఏడుపు ఉంది, ఎవరి మీదా కోపం లేదు. ఒకరితో ఒకరు తగాదా పడేవాళ్ళు లేని బృందం మర్యాదగా మారిపోయింది. అయినా బిల్ ఉన్నాడు కాబట్టి కథ నడిచింది.

1996లో విల్లీ డి తిరిగొచ్చాడు. ఆల్బమ్ పేరే ‘ది రిసరెక్షన్’, అంటే పునరుత్థానం. ప్రింటర్ పాట ఇందులోదే. ముగ్గురూ ముప్పై చుట్టుపక్కలకు చేరారు, కోపంలో అలసట కలిసింది. 1991 నాటి ఆల్బమ్ తర్వాత నేను ఎక్కువసార్లు విన్నది దీన్నే. రెండేళ్ళకు, 1998లో ‘ద గుడ్ ద బ్యాడ్ అండ్ ద అగ్లీ’ వచ్చేసరికి బిల్ లేడు. ఆల్బమ్ పేరులో ముగ్గురి లెక్క ఉంది, లోపల ఇద్దరే. డీఎంజీ అనే గాయకుణ్ణి అతిథిగా నిలబెట్టారు. కథకుడు ఉన్నాడు, రాజకీయ వంత ఉన్నాడు, మంచి బీట్లున్నాయి. అడ్డగించేవాడు లేడు. గంటసేపు ఇద్దరు పెద్దమనుషులు సీరియస్‌గా బెదిరిస్తూ ఉంటారు. విల్లీ డి పోయినప్పుడు బృందం మరో బృందంలాగా మారింది. బిల్ పోయినప్పుడు మారలేదు, నీరసించింది.

ఇక్కడ మా ఒగ్గు కథ సంగతి ఒకటి చెప్పాలి. కొమురవెల్లి మల్లన్న మా సిద్దిపేట జిల్లాలోనే ఉన్నాడు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా జాతర, పట్నాలు, డోలు మీద మల్లన్న కథ. ఒగ్గు బృందాన్ని మనం ప్రధాన కథకుడి పేరుతో పిలుస్తాం. జనగామ దిక్కు చుక్క సత్తయ్య బృందం అంటే సత్తయ్యదే. 2017లో ఆయన పోయాక, పక్కన డోలు కొట్టినవాళ్ళు అదే కథ చెప్పినా ఆ పేరుతో అదే బృందం అని ఎవరూ అనుకోరు. పేరు మనిషితో పోతుంది, కథ మిగులుతుంది. గెటో బాయ్స్‌లో తిరకాసు: మనుషులు పోతారు, పేరు కంపెనీతో మిగులుతుంది. మా పద్ధతిలోనూ లోపం ఉంది. ప్రధాన కథకుడి పక్కన ముప్పై ఏళ్ళు వంత పాడినవాడి పేరు అవార్డు పత్రం మీదకు రాదు. అక్కడైనా ఇక్కడైనా వంతగాడికి పేరు మీద హక్కు లేదు.

ఇవాళ తెలుగులో ర్యాప్ ఉంది. నోయెల్ సీన్, రోల్ రైడా లాంటివాళ్ళు హైదరాబాద్ నుంచి వచ్చారు, తెలంగాణ యాసను దాచుకోకుండా పాడేవాళ్ళు పెరిగారు. కానీ వినిపించేవన్నీ దాదాపు ఒంటరి గొంతులే, ‘నేను’ అన్న మాట చుట్టూనే తిరుగుతాయి. ముగ్గురు కలిసి, ఒకరి మాట ఒకరు కోస్తూ పాడే బృందం నాకింకా తారసపడలేదు. వంత అనే పద్ధతి ఇంత పాతుకుపోయిన భాషలో ఇది నాకు వింతగానే ఉంటుంది.

2005లో ముగ్గురూ మళ్ళీ కలిసి ‘ది ఫౌండేషన్’ చేశారు. అదే చివరి ఆల్బమ్. 2018 ఆగస్టులో రెడీ రెడ్ చనిపోయాడు. 2019 జూన్ 9న క్లోమ క్యాన్సర్‌తో బుష్‌విక్ బిల్ చనిపోయాడు, వయసు 52. అదే ఏడాది స్కార్‌ఫేస్ హూస్టన్ సిటీ కౌన్సిల్‌కి పోటీ చేసి, రెండో విడత పోలింగ్ దాకా వెళ్ళి ఓడిపోయాడు.

కొత్తగా వినేవాళ్ళు ప్రింటర్ పాటతో మొదలుపెట్టకండి. ముందు 1989 ఆల్బమ్‌లో రెడీ రెడ్ డ్రమ్ములు కాసేపు వినండి, పైన చెప్పిన ఆ ఒక్క పాట దాటేయండి. తర్వాత 1991 పాటకు రండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మూడో చరణం అయిపోయి గిటార్ ముక్క మళ్ళీ తిరిగే చోట సౌండ్ కొంచెం పెంచండి. ఆ వచ్చేది బిల్.